మోకాళ్లలో గుజ్జు అరిగింది సరే, ఆ గుజ్జు ఏది?

"గుజ్జు అరిగిపోయిందన్నారు." కర్నూలు పెద్దాసుపత్రిలో ఎముకల ఓపీ ముందర అరగంట కూర్చుంటే ఈ మాట పదిసార్లు చెవిన పడుతుంది. గుజ్జంటే ఏమిటని అడిగి చూడండి. ఒకరు ఎముకల మధ్య ఉండే నూనె లాంటిదంటారు. ఇంకొకరు మెత్తలాంటిదంటారు. మూడో మనిషి నడుము పట్టుకుని, వెన్నుపూసల నడుమ ఉండేదే కదా అంటారు. ముగ్గురిదీ తప్పు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. గుజ్జు అనే ఒక్క మాటలో మూడు నాలుగు వేర్వేరు వస్తువులు ఇరుక్కుని కూర్చున్నాయి. వాటిలో ఏది పాడయిందో తెలియకుండానే మాత్రలు, పొడులు, ఇంజెక్షన్లు కొంటున్నాం.

కాబట్టి ముందు ఒక కీలు విప్పి చూద్దాం. దీనికి మెడికల్ కాలేజీ దాకా పోనక్కర్లేదు, ఆదివారం పొద్దున మటన్ అంగడి చాలు.

పొట్టేలు వెనక కాలు కొట్టేటప్పుడు చేయి తిరిగిన కటికాయన కత్తిని ఎముక మీద దించడు. బొటనవేలితో తడిమి, సందు ఎక్కడుందో చూసుకుని అక్కడ వేస్తాడు. రెండు ఎముకలూ చప్పుడు లేకుండా విడిపోతాయి. అలా విడిపోయిన కొసను చేతిలోకి తీసుకోండి. పింగాణీ గిన్నె అంచులాగా తెల్లగా, లేత నీలి ఛాయతో మెరిసే పొర ఒకటి ఎముక కొసను కప్పి ఉంటుంది. గోటితో గీరితే ఊడదు. గట్టిగా నొక్కితే రవ్వంత లోపలికి పోయి మళ్లీ పైకొస్తుంది. దాన్ని మృదులాస్థి అంటారు, డాక్టర్ల మాటలో కార్టిలేజ్. ఇది మొదటి గుజ్జు.

వేళ్లకు జిగటగా ఏదో అంటుకుంటుంది చూడండి, కోడిగుడ్డు తెల్లసొన మాదిరి తీగ సాగుతుంది. అది కీలుద్రవం. ఇది రెండో గుజ్జు. మీరు తెరిచింది మోకాలి కీలే అయితే, రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రబ్బరులాంటి దిండ్లు రెండు కనిపిస్తాయి. వాటి పేరు మెనిస్కస్. ఇది మూడో గుజ్జు. ఇక నడుము ఎక్స్‌రే చూపించి చెప్పేది వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ గురించి. అది నాలుగోది, దాని కథ వేరే, ఈసారికి పక్కన పెడుతున్నా.

చుట్టూ తెల్లగా, కత్తికి కూడా మొండికేసే తాళ్లు లిగమెంట్లు. ఇవి ఎముకను ఎముకకు కట్టేవి. కండను తెచ్చి ఎముకకు కట్టేది టెండన్. మన వాళ్లు ఈ రెండింటినీ కలిపి నరం అనేస్తారు, "నరం పట్టింది" అంటారు. నరం పని కబురు మోయడం, బరువు మోయడం కాదు.

మేకకు, పొట్టేలుకు వెనక కాలిలో వెనక్కి వంగినట్లు కనిపించే కీలు మోకాలు కాదు, చీలమండ. అవి మునివేళ్ల మీద నడుస్తాయి. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది. తొడ ఎముక పైకొస మాత్రం మనదీ వాటిదీ ఒకే తీరు: నున్నటి గోళీ, దానికి అమరే గిన్నె, గోళీ నడుమ చిన్న గుంట, ఆ గుంటలోంచి గిన్నెలోకి పోయే చిన్న తాడు. తుంటి కీలు అన్ని దిక్కులకూ తిరిగేది ఈ గోళీ వల్లనే. భుజంలోనూ గోళీయే కానీ, దాని గిన్నె లోతు తక్కువ, సాసర్ లాంటిది. చెయ్యి వీపు మీదికీ, తల మీదికీ, ఎటు కావాలంటే అటు పోయే వీలు దాన్నుంచే వచ్చింది. ఒంట్లోని పెద్ద కీళ్లలో అన్నింటికన్నా ఎక్కువగా జారేది భుజమే కావడానికి కారణం కూడా అదే.

ఇప్పుడు మొదటి గుజ్జు దగ్గరికి వద్దాం, అరిగేది ముఖ్యంగా అదే కాబట్టి. మనిషి మోకాలిలో ఈ పొర మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు, మోకాలిచిప్ప వెనక ఇంకొంచెం ఎక్కువ. దీనికి రెండు విచిత్రమైన గుణాలున్నాయి. దీనిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు.

రక్తం రాకపోతే తిండి ఎక్కడిది? కీలుద్రవం నుంచి. అడుగు వేసినప్పుడు పొర స్పాంజిలా నొక్కుకుని లోపలి నీరు బయటికి పోతుంది. కాలెత్తినప్పుడు ఆ ద్రవం మళ్లీ లోపలికి ఇంకుతుంది. అంటే నడకే దానికి భోజనం పెట్టే చెయ్యి. నొప్పికి భయపడి ఆరు నెలలు మంచం పట్టిన మోకాలు ఎందుకు ఇంకా పాడవుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. రక్తం లేదు కాబట్టి చర్మం మీది గాయం మానినట్లు ఇది మానదు. పోయిన పొర పోయినట్లే.

నరాలు లేవు కాబట్టి అరుగుతున్నప్పుడు ఈ పొర నొప్పి పెట్టదు. నొప్పి వచ్చేది పొర కింది ఎముక నుంచి, కీలును చుట్టి ఉండే సంచి నుంచి, వాచిన ఆ సంచి లోపలి పొర నుంచి. అందుకే ఎక్స్‌రేకీ నొప్పికీ లెక్క కుదరదు. ఎక్స్‌రేలో సందు బాగా తగ్గిన మనిషి చెనక్కాయ చేలో దినమంతా పనిచేస్తుంటాడు. సందు పరవాలేదన్న మనిషి మెట్లు దిగలేకపోతుంటాడు. ఎక్స్‌రేలో మృదులాస్థి అసలు కనబడదు. ఎముకల మధ్య ఖాళీని చూసి పొర ఎంత మిగిలిందో అంచనా వేస్తారు. కాబట్టి మోకాలి ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీస్తే బరువు పడదు, సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. రాసిచ్చిన చీటీలో "నిలబెట్టి" అని లేకపోతే అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రెండో గుజ్జు గురించి అపోహలు మరీ ఎక్కువ. "నూనె ఇంకిపోయింది" అని భయపడతారు. బాగున్న మోకాలిలో ఈ ద్రవం ఉండేదే కొద్ది మిల్లీలీటర్లు, టీ చెంచాడు కూడా నిండదు. అరుగుదల ముదిరిన మోకాలిలో ఇది తగ్గడం కన్నా పెరగడమే ఎక్కువ చూస్తాం. కీలు సంచి వాచి పల్చటి నీళ్లు ఊరతాయి, "మోకాలికి నీళ్లు పట్టాయి" అనేది దీన్నే. తగ్గింది ద్రవం కాదు, దానిలోని చిక్కదనం. జిగురు ఇంజెక్షన్లు వేసేది ఆ చిక్కదనం కోసమే. కొందరికి కొన్ని నెలలు ఊరట ఉంటుంది, చాలామందికి ఖర్చుకు తగ్గ లాభం ఉండదు, అరిగిన పొరను మాత్రం అవి తిరిగి మొలిపించవు. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమిన్ మాత్రల సంగతీ అంతే. ఏళ్ల తరబడి కొనేంత బలమైన రుజువు వాటికి లేదు.

మూడోది, మెనిస్కస్, అరగడం కన్నా చిరగడం ఎక్కువ. పాదం నేలకు ఆనించి ఉండగా మోకాలు మెలి తిరిగితే చిరుగుతుంది, కబడ్డీలో చూస్తాం. మోకాలు సగంలో పట్టేసి చాపలేకపోవడం దీని గుర్తు. ముసలితనంలో చిన్న చిరుగులు నొప్పి లేకుండానే ఉంటాయి. ఎమ్మారైలో కనబడిందని ప్రతిదానికీ ఆపరేషన్ అక్కర్లేదు.

మరి ఏం చేస్తే పని జరుగుతుంది? కండ. తొడ ముందు కండ మోకాలికి షాక్ అబ్సార్బర్. నొప్పి మొదలైన కొన్ని వారాల్లోనే అది సన్నబడుతుంది, సన్నబడేకొద్దీ ఎముక మీద దెబ్బ పెరుగుతుంది. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలితో టవల్‌ను కిందికి అదిమి 5 నుంచి 10 సెకన్లు పట్టి వదలాలి. ఒక విడతకు 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. అది అలవాటయ్యాక వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలిని వంచకుండా జానెడున్నర ఎత్తి 5 సెకన్లు ఆపి దించాలి, పదిసార్లు. మూడో వారం నుంచి కుర్చీలో చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే పరవాలేదు. మరుసటి రోజుకు కూడా నొప్పి పెరిగే ఉంటే లెక్క సగం చేయండి, మానేయకండి. ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే వదిలేస్తారు, అదే పెద్ద తప్పు.

బరువు సంగతి కూడా లెక్కే. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గడం అంటే అడుగడుక్కీ ఇరవై కిలోల మూట దించడం.

చేతికర్రను చాలామంది తప్పు చేతిలోనే పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకు పోవాలి. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు గీత ఎక్కడికొస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

చెనక్కాయ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే ఆడవాళ్ల మోకాళ్ల సంగతి వేరే చెప్పాలి. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి, నిలబడినప్పటికన్నా ఎన్నో రెట్లు. గంటల తరబడి అలాగే ఉండి, అలాగే పక్కకు జరగడం ఆ పొరకు మోయలేని పని. జానెడు ఎత్తు పీట పెట్టుకుంటే ఆ మడత విప్పుకుంటుంది. పొడుగు పిడి దంతె అయితే ఇంకా మేలు. ఇంట్లో కమోడ్ లేకపోతే, నడుమ రంధ్రం ఉన్న కుర్చీ ఒకటి పాత మరుగుదొడ్డి మీద పెట్టుకుంటే చాలు, బాత్రూం పగలగొట్టే పని లేదు.

కీళ్ల నొప్పులన్నీ అరుగుదల కావు. పొద్దున లేవగానే బిగుసుకుపోయిన కీళ్లు ఎంతసేపటికి వదులవుతున్నాయో గడియారం చూసి చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. అరగంట లోపే వదిలితే అరుగుదల వైపు మొగ్గు. గంట దాటినా వదలకపోతే, పైగా రెండు చేతుల వేళ్ల కణుపులూ ఒకేలా వాచితే, రుమటాయిడ్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే వాతం) అయ్యే అవకాశం ఎక్కువ. దానికి మొదటి నెలల్లోనే మందు పడాలి, ఆలస్యమైతే వేళ్లు వంకర్లు పోతాయి. అర్ధరాత్రి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే యూరిక్ యాసిడ్ సంగతి చూసుకోవాలి. 2006లో చికున్‌గున్యా రాయలసీమను ఊపేసినప్పుడు జ్వరం వారంలో పోయినా కీళ్లు నెలల పాటు పట్టేసిన వాళ్లు ఊరూరా ఉన్నారు. అది కూడా అరుగుదల కాదు. ఇక ఒకే ఒక్క కీలు వేడిగా, ఎర్రగా వాచి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. లోపల చీము పడితే మృదులాస్థి రోజుల్లోనే కరిగిపోతుంది.

ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాలతో నొప్పి రెండో రోజుకే మాయమైందంటే అనుమానించాల్సిందే. వాటిలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, తుంటి గోళీకి రక్తం ఆగి అది కూలిపోతుంది, సుగరు పెరుగుతుంది. పొట్లాలు ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే, డాక్టరుకు చెప్పి తగ్గించుకుంటూ రావాలి.

ఎముక గుల్లబారడం అన్నాను కదా, దాన్ని అరుగుదలతో కలపకండి. కీలు అరిగితే నొప్పి. ఎముక గుల్లబారితే నొప్పి ఉండదు, విరిగేదాకా తెలియదు. మోకాలి నొప్పికి క్యాల్షియం మాత్రలు మింగి తగ్గలేదని తిట్టుకునేవాళ్లు ఈ తేడా తెలియనివాళ్లే.

ఎముక దేనితో తయారైందో ఇంట్లోనే చూడొచ్చు. కడప బండ వేసిన వంటగట్టు మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది కదా. ఆ బండ సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. ఎముకలోని ఖనిజమూ క్యాల్షియం సరుకే, అదీ పులుపుకు లొంగుతుంది. శుభ్రంగా గీకిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో వేసి, రెండు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం ఉంచండి. ఆకారం చెదరదు కానీ రబ్బరు గొట్టంలా వంగుతుంది. ఖనిజం పోయి కొల్లాజెన్ అనే నార మిగిలింది. ఇంకో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చండి. ఈసారి నార కాలిపోయి ఖనిజం మిగులుతుంది, సుద్దముక్కలా వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఖనిజం, మిగిలింది నార, నీరు. గట్టిదనం ఒకదానిది, విరగకుండా సాగే గుణం ఇంకోదానిది. కాళ్ల పులుసు చల్లారితే జెల్లీలా పేరుకునేది ఆ నారే. అందులో క్యాల్షియం దిగేది చాలా తక్కువ. పులుసు రుచికి తాగండి, ఎముక బలానికని కాదు.

బేతంచెర్ల దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బిళ్లసర్గం గుహలున్నాయి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వితే ఎప్పటివో పాతకాలపు జంతువుల ఎముకలు దొరికాయి. వేల ఏళ్లు అవి నిలిచిందీ ఈ రసాయనం వల్లే. సున్నపురాతి గుహలో మట్టికి పులుపు ఉండదు, ఖనిజం కరగదు.

బతికున్న ఎముక మాత్రం రాయి కాదు. పాత ఎముకను తినే కణాలు, కొత్తది కట్టే కణాలు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఏడాదికి అస్థిపంజరంలో పదో వంతు దాకా కొత్తగా కడతాయని లెక్క. పుట్టినప్పుడు 270 నుంచి 300 దాకా ఉన్న ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దయ్యేసరికి 206 అవుతాయి. వాటిలో సగానికి పైగా, అంటే 106, రెండు చేతుల్లో, రెండు పాదాల్లోనే ఉన్నాయి: చేతికి (మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా) 27, పాదానికి 26. ముప్పై ఏళ్ల దాకా ఎముక సరుకు ఆదా, ఆ తర్వాత ఖర్చు. ఆడవాళ్లకు ముట్టు ఆగాక మొదటి ఐదు పదేళ్లలో ఖర్చు మరీ వేగం.

పెద్దవాళ్లకు రోజుకు క్యాల్షియం 1000 మిల్లీగ్రాములు, ముట్టు ఆగిన ఆడవాళ్లకు 1200. వంద గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 దాకా ఉంటుంది. ఒక సంగటి ముద్దలో 70, 80 గ్రాముల రాగిపిండి పడితే 250 దాకా వచ్చినట్లు, పెద్ద గ్లాసు పాలతో సమానం. అయితే రాగుల్లోని ఫైటేట్ అనే పదార్థం కొంత క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మొలకెత్తించి పట్టించిన పిండి అయితే ఒంటికి ఎక్కువ పడుతుంది. మాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించకుండా, అన్నంతో పాటు వేసుకోవాలి. ఐరన్ మాత్ర అదే పూట వద్దు. డి విటమిన్ 60,000 యూనిట్ల పొట్లం సాధారణంగా వారానికొకటి. రోజూ వేసుకుని రక్తంలో క్యాల్షియం పెరిగి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

అనంతపురం వైపు అయితే ఎముకల మాట నీళ్లతో మొదలుపెట్టాలి. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరిగే ఊళ్లు ఆ జిల్లాలో ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకుంటే 1.5 దాకా. ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్ దాదాపు అంతా ఎముకలకూ పళ్లకూ చేరుతుంది. ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా తెల్లగా, దట్టంగా కనబడుతుంది, కానీ అది బలం కాదు, పెళుసు. లిగమెంట్లలో కూడా సున్నం పేరుకుంటుంది. అందుకే నడుము, మెడ కర్రలా బిగుసుకుపోతాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముళ్లలా కనబడితే డాక్టరుకు అనుమానం దాదాపు తీరిపోతుంది.

ఇంట్లో చూసుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. మోకాలు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక్కి పెట్టగలరా? ముప్పై, నలభై ఏళ్ల మనిషికి ఇవి చేతకాకపోతే, ఇంటిల్లిపాదికీ ఇదే తీరు ఉంటే, ముందు నీళ్లు పరీక్ష చేయించండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ పనికిరాదు. ఆర్వో పనిచేస్తుంది, వాన నీళ్లు పనిచేస్తాయి. సత్యసాయి తాగునీటి పథకం 1990లలో వందల పల్లెలకు నీళ్లిచ్చింది ఈ బాధ పడలేకే. ఒకసారి గట్టిపడిన లిగమెంట్‌ను మెత్తబరిచే మందు లేదు, కాబట్టి పిల్లలు తాగే నీళ్ల దగ్గరే జాగ్రత్త పడాలి.

ఇక పడిపోవడం. మన ఇళ్లలో నున్నగా పాలిష్ పట్టిన నాపరాళ్లు, కడప బండలు చూడ్డానికి అందమే. తడిసి, దాని మీద సబ్బు నురగ పడితే డెబ్బై ఏళ్ల అవ్వకు అదే గండం. పక్కకు పడితే తుంటి, చేయి ఊని పడితే మణికట్టు. స్నానాల గదిలో గరుకు బండ వేయించండి, మరుగుదొడ్డి పక్కన పట్టుకోను ఒక కమ్మీ బిగించండి, రాత్రి ఒక చిన్న లైటు వెలగనివ్వండి. పడిన మనిషి లేవలేక, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్లే. కాలు లాగి సరిచేయబోకండి. వీలైనంతలో 48 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే మేలు. ముసలివాళ్ల ప్రాణం తీసేది విరిగిన ఎముక కన్నా, దాని వెంట వచ్చే మంచం పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో గడ్డకట్టే రక్తం.

బెణుకు అయితే ఒక లెక్క ఉంది. చీలమండ మెలిపడ్డాక నాలుగడుగులు వేయలేకపోయినా, లోపలి, బయటి గిలకల (చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల) వెనక అంచు నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఎక్స్‌రే తీయాలి. రెండూ లేకపోతే విరగకపోయే అవకాశమే ఎక్కువ. మొదటి రెండు రోజులు ఐసు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టడం, క్రేప్ బ్యాండేజ్, కాలు దిండు మీద ఎత్తుగా. నూనె పెట్టి రుద్దడం ఆ రెండు రోజుల్లో అసలు వద్దు, లోపల చిరిగిన చోట నెత్తురు ఇంకా ఊరుతుంది.

విరిగిన ఎముక అతికే క్రమం దాదాపు అందరికీ ఒకటే. ముందు నెత్తురు గడ్డ, రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు, తర్వాత గట్టి అతుకు, ఆపైన నెలల తరబడి చెక్కుడు పని. పెద్దవాళ్లకు చెయ్యి అయితే సుమారు 6 వారాలు, కాలు అయితే 12. చిన్నపిల్లలకు దాదాపు అందులో సగం. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు అతుకు ఆలస్యం. మణికట్టులో బొటనవేలి వైపున్న స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక, తొడ ఎముక మెడ (గోళీ కింది సన్నటి భాగం), ఈ రెండింటికీ రక్తం సన్నగా వస్తుంది కాబట్టి మొండికేస్తాయి. చేయి ఊని పడ్డాక బొటనవేలి మొదట గుంటలో నొక్కితే నొప్పి ఉండి, మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా, పది పన్నెండు రోజులకు మళ్లీ తీయించుకోవాలి.

రాయలసీమలో పుత్తూరు కట్టు (వెదురు బద్దలతో కట్టే నాటు కట్టు) ప్రస్తావన లేకుండా ఎముకల మాట ముగియదు. ఎముక పక్కకు జరగకుండా చిట్లితే ఏ కట్టు అయినా అతుకుతుంది, కదలకుండా పట్టుకోవడమే కట్టు పని. పేచీ ఎక్కడంటే కీలు లోపలికి పోయిన విరుపు, చర్మం చీల్చుకొచ్చిన విరుపు, పిల్లల మోచేయి. వీటికి ఎక్స్‌రే చూడకుండా కట్టకూడదు. కట్టు ఏదైనా, సిమెంటు అయినా వెదురు బద్దలైనా, మొదటి రెండు రోజులు వేళ్లను చూస్తూ ఉండండి. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లను మెల్లగా వెనక్కి చాపితే భరించలేని నొప్పి వచ్చినా అర్ధరాత్రి అయినా కట్టు విప్పించాల్సిందే. లోపల వాపు పెరిగి రక్తం ఆగితే ఆరు గంటల్లో కండ చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ చెయ్యి ఇక పిడికిలి పట్టదు. దురద పెడుతోందని కట్టులోకి పుల్ల దూర్చొద్దు.

మెటికలు విరవడం గురించి ఎవరో ఒకరు అడుగుతారు. కీలును లాగినప్పుడు ద్రవంలో గాలి బుడగ ఏర్పడే చప్పుడది. అరుగుదల రాదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు అరవై ఏళ్లకు పైగా ఒక్క చేతి మెటికలే విరుచుకుని, రెండు చేతుల్లోనూ తేడా లేదని తేల్చాడు, 2009లో దానికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచే అవ్వలు ధైర్యంగా విరవొచ్చు.

కట్టు విప్పాక మోచేయి బిగుసుకుని ఉంటుంది. ఆరు వారాలు కదలని కీలుకు ఆరు వారాలు తిండి లేదు, సంచి ముడుచుకుంది, కండ సన్నబడింది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట పెట్టి, ఎవరి చెయ్యి వాళ్లే మెల్లగా వంచి చాపుకోవాలి, రోజుకు నాలుగైదు విడతలు, విడతకు పదిసార్లు. కట్టు ఉన్నప్పుడు కూడా బయట ఉన్న వేళ్లు, భుజం మొదటి రోజు నుంచే కదుపుతూ ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది. తొందరపడి వేరేవాళ్లతో మోచేయి బలవంతంగా వంచించుకోవడం, నూనెతో గట్టిగా పిసికించుకోవడం మాత్రం వద్దు. నలిగిన కండలో కొత్త ఎముక మొలుస్తుంది, ఎక్స్‌రేలో మోచేయి ముందర మబ్బులా కనబడుతుంది, అప్పుడు వంగాల్సిన చెయ్యి శాశ్వతంగా సగంలోనే ఆగిపోతుంది.